రెండు బిస్కెట్ల నింద

"నువ్వే తీశావు తాతా. మచ్చు తీసినట్టు రెండు బిస్కెట్లు తీసి, మళ్లీ అతికించి పెట్టావు. ఇది దొంగతనం కాదా?"

బుల్లయ్య కొట్టు ముందు నిలబడి ఆరాధన అరిచిన అరుపు రోడ్డు అవతల బస్ షెల్టర్ దాకా వినిపించింది. శనివారం సాయంత్రం. మిరపకోతకు వెళ్లిన ఆడవాళ్లు వారం కూలి కొంగున కట్టుకుని అప్పుడే ఆటో దిగారు. పప్పుకూ ఉప్పుకూ కొట్టు ముందు గుమిగూడారు. అందరూ విన్నారు.

ఆరాధన ఐదో తరగతి. తమ్ముడు బెన్నీ ఒకటో తరగతి. ప్రతి శనివారం అమ్మ ఇచ్చే పది రూపాయలతో ఇద్దరూ ఒక బిస్కెట్ పాకెట్ కొనుక్కుంటారు. పాకెట్‌కి పన్నెండు. చెరి ఆరు. గొడవ లేని లెక్క అది. ఆ రోజు పదే ఉన్నాయి. బెన్నీ ఐదూ తినేసి, ఆరోది ఏదని ఏడుపు అందుకున్నాడు.

మిరప కల్లంలో ఆరాధన ఒకటి చాలాసార్లు చూసింది. కొనడానికి వచ్చిన బేరగాడు బస్తా కుట్టు విప్పుతాడు. మచ్చు చూడాలంటూ గుప్పెడు కాయలు తీస్తాడు. మళ్లీ కుట్టిస్తాడు. తీసిన కాయలు మాత్రం తిరిగి బస్తాలో పడవు. బస్తాకు జరిగేదే పాకెట్‌కీ జరిగిందనుకుంది. ఇంకో ఆలోచనే రాలేదు ఆ పిల్లకి.

బుల్లయ్యకు డెబ్బై ఏళ్లు. ముప్పై ఏళ్లుగా అదే కొట్టు, అదే స్టూలు. ఆయన ఇంకో పాకెట్ తీసి అందరి ముందూ చించాడు. లెక్కపెట్టాడు. పది.

"ఇందులోవి కూడా నేనే తిన్నానా?" అన్నాడు.

ఆరాధనకి తప్పు చేశానని అప్పుడే అనిపించింది. కానీ ఇంతమంది చూస్తుంటే వెనక్కి తగ్గడం ఎట్లా?

"అన్నీ విప్పి ఉంటావు" అనేసి ఇంటికి పరిగెత్తింది.

ఆదివారం చర్చి దగ్గర పిల్లలు బుల్లయ్యకు కొత్త పేరు పెట్టారు. రెండు బిస్కెట్ల తాత. సోమవారానికి ఆ పేరు పెద్దవాళ్ల నోటికీ ఎక్కింది.

*

ఆరాధన వాళ్లమ్మ అంకమ్మ మిరపకోతకు వెళ్తుంది. కోసిన కాయకు కిలోల లెక్కన కూలి. సాయంత్రం కాటా దగ్గర తూకం తేడా వస్తే అంకమ్మ ఊరుకోదు. "ఇంకోసారి పెట్టవయ్యా" అంటుంది. గుమస్తా ఏదో మీట నొక్కి మళ్లీ పెడితే తేడా బయటపడుతుంది. ప్రతిసారీ. అందుకే అంకమ్మ నోరు విప్పితే రైతు కూడా నిలబడి వింటాడు. అమ్మంటే ఆరాధనకి ఎంత గర్వమో చెప్పలేం. తనకీ అమ్మ గొంతే వచ్చిందని బడిలో చెప్పుకుంటుంది.

సోమవారం బడి వదలగానే ఎప్పటిలాగే చేలోకి వెళ్లింది. కాటా నడుస్తోంది. అంకమ్మ బస్తా ముప్పై ఒకటిన్నర తూగింది.

"ముప్పై మూడుకు తగ్గదు. ఇంకోసారి పెట్టండి" అంది అంకమ్మ.

గుమస్తా రామాంజనేయులు పుస్తకంలోంచి తల ఎత్తాడు. నవ్వాడు.

"ఏందమ్మా అంకమ్మా, మీ ఇంట్లో ఏది లెక్కపెట్టినా రెండు తగ్గుద్దంటగా. బుల్లయ్య కొట్లో మీ పిల్ల చెప్పింది. బిస్కెట్ల కాడికి పోయి అరుచుకోండి."

ఇద్దరు ముగ్గురు పకపకా నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో అంకమ్మ పక్కన కాయ కోసేవాళ్లూ ఉన్నారు. అంకమ్మ నోరు తెరిచింది. మూసుకుంది. ముప్పై ఒకటిన్నరే రాయించుకుని బస్తా దించింది.

అమ్మ కాటా దగ్గర మాట్లాడకుండా వెనక్కి రావడం ఆరాధన ఎన్నడూ చూడలేదు.

అంకమ్మ ఇంటికి రాగానే కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నేను అరుస్తానని నువ్వూ అరిచావు. బాగానే ఉంది. అరిచే ముందు నేనేం చేస్తానో ఎప్పుడన్నా చూశావా?"

ఆరాధన తల అడ్డంగా ఊపింది.

"ప్రతి బుట్టా చేత్తో ఎత్తి చూసుకుంటా. ఎన్ని బుట్టలు బస్తాలో పోశానో మనసులో పెట్టుకుంటా. అప్పుడు అరుస్తా. పదేళ్లలో ఒక్క తప్పుడు కేక వెయ్యలేదు. నా కేకకున్న విలువ అదే. నువ్వు దాన్ని రెండు బిస్కెట్లకు అమ్మేశావు."

అమ్మ కొట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు.

బెన్నీ మూలన కూర్చుని బిస్కెట్ కాగితాలతో దండ గుచ్చుకుంటున్నాడు. పాత కాగితాలు, కొత్త కాగితాలు. ఆరాధన ఆ దండ లాక్కుని ఒక్కో కాగితం తిప్పి చూసింది. వెనక, చీమ తలకాయంత అక్షరాలు. పాత కాగితం మీద డెబ్బై రెండు గ్రాములు. కొత్తదాని మీద అరవై. రెండిటి మీదా పది రూపాయలే. రంగు అదే, బొమ్మ అదే, పాకెట్ పొడుగూ అదే.

"అమ్మా, తాత తియ్యలేదు. కంపెనీవాళ్లే తీశారు."

అంకమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. గ్యాస్ బండ పెరిగింది. నూనె పెరిగింది. ఆటో చార్జీ పెరిగింది. పెరగనిది ఈ పది రూపాయల పాకెట్ ఒక్కటే అనుకుని ఇన్నాళ్లూ సంబరపడింది ఆవిడ.

"రేటు పెంచితే మనం అరుస్తామని సరుకు తగ్గించారన్నమాట" అంది. "సరే. ఇప్పుడు నీకు తెలిసింది. ఏం చేస్తావు?"

"తాత దగ్గరికెళ్లి, చెవిలో సారీ చెప్తా."

"అరిచింది చెవిలోనా?"

*

మంగళవారం సాయంత్రం ఆటో వచ్చేదాకా ఆరాధన బస్ షెల్టర్‌లోనే కూర్చుంది. ఆడవాళ్లు దిగి కొట్టు ముందుకు చేరారు. ఆరాధన బుల్లయ్య స్టూలు పక్కనున్న బియ్యం బస్తా ఎక్కి నిలబడింది.

"బుల్లయ్య తాత బిస్కెట్లు తియ్యలేదు. నేను చూసుకోకుండా నింద వేశాను. తప్పు నాది. తీసింది కంపెనీ. ఇదిగో, అప్పుడు డెబ్బై రెండు గ్రాములు, ఇప్పుడు అరవై. తాతని ఇంకెవరూ ఆ పేరుతో పిలవొద్దు. పిలిస్తే ముందు నన్ను పిలవండి."

అంకమ్మతో కోతకు వెళ్లే ఖుర్షిదా ముందుకొచ్చి ఆ రెండు కాగితాలూ చేతిలోకి తీసుకుంది. ఆమెకు చదువు రాదు. అంకెలు మాత్రం గుర్తుపడుతుంది.

"అవునే. ఆరు, సున్నా. అక్కడ ఏడు, రెండు. మరి నా సబ్బు సంగతేంటి? చూసిపెట్టవే అమ్మాయ్."

ఆరాధన చూసింది. అందరూ ఒక్కో పాకెట్ అందించారు. ఒకే రేటున్న రెండు నూనె పాకెట్లలో ఒకటి తొమ్మిది వందల పది గ్రాములు, ఇంకోటి ఎనిమిది వందల నలభై. పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉన్నాయి. తక్కువున్నదాని మీదే సినిమా హీరోయిన్ బొమ్మ.

"ఆవిడ నవ్వుకి డెబ్బై గ్రాములు పోయాయన్నమాట" అంది ఖుర్షిదా. అందరూ నవ్వారు. ఆ నవ్వు నిన్నటి నవ్వు కాదు.

బుల్లయ్య పెట్టెలోంచి ఒక బిస్కెట్ పాకెట్ తీసి ఆరాధన చేతిలో పెట్టబోయాడు.

"వద్దు తాతా. శనివారం డబ్బులిచ్చి కొనుక్కుంటా."

"అబ్బో. అంకమ్మ కూతురివే" అన్నాడు ముసలాయన. కళ్లు తుడుచుకున్నాడు. కన్నీళ్లో, కారం నలుసో తెలియదు.

ఆ రోజు నుంచి రోజూ అరగంట సేపు ఆరాధన ఆ బియ్యం బస్తా మీద కూర్చుని పాకెట్లు చదివి పెట్టింది. చిన్న పాకెట్లు నాలుగు కొనే బదులు, ఇద్దరు కలిసి పెద్దది కొని పంచుకుంటే ఎంత మిగులుతుందో బుల్లయ్యే దగ్గరుండి లెక్క చెప్పాడు.

*

శుక్రవారం. మళ్లీ చేలో కాటా. మర్నాడు వారం కూలి ఇచ్చే రోజు.

ఆరాధన ఈసారి అమ్మ పక్కన కాదు, కాటా ఎదురుగా నిలబడింది. ఎర్ర అంకెలు వెలిగే ఎలక్ట్రానిక్ కాటా అది. ఒక బస్తా దించారు. ఇంకోటి పెట్టకముందు, ఖాళీ కాటా మీద అంకెలు కనిపించాయి. రెండున్నర. ఆ అంకెల ముందు చిన్న గీత. చీమ కాలంత గీత.

అరవబోయింది. ఆగింది. ఇంకో బస్తా పెట్టి దించేదాకా చూసింది. మళ్లీ రెండున్నర. మళ్లీ అదే గీత.

"గుమస్తా గారూ, కాటా మీద ఇప్పుడు ఏమీ లేదు కదండీ?"

"లేదు. కళ్లు కనపట్లా?"

"కనపడుతున్నాయండీ. రెండున్నర ముందు గీత ఉంది. గీత ఉంటే సున్నాకి తక్కువని మా టీచర్ చెప్పారు."

రామాంజనేయులు పెన్ను చెవి మీద పెట్టుకున్నాడు. "అది గోతం బరువు తీసెయ్యడానికిలే. పోయి బిస్కెట్లు లెక్కపెట్టుకో."

"లెక్కపెట్టాను. తప్పు చెప్పాను. తప్పని ఊరందరి ముందూ ఒప్పుకున్నాను." ఆరాధన ఒక ఖాళీ గోతం మడిచి కాటా మీద పెట్టింది. "గోతం బరువే అయితే ఇప్పుడు సున్నా రావాలి."

అందరూ వంగి చూశారు. ఒకటిన్నర. గీత అక్కడే ఉంది.

ఎవరూ నవ్వలేదు. అంకమ్మ తన బస్తా కింద పెట్టి, దాని మీద కూర్చుంది. ఖుర్షిదా తన బస్తా మీద కూర్చుంది. ఆ వెనక వరసంతా కూర్చుంది. గట్టు మీద సెల్‌ఫోన్‌లో మాట్లాడుతున్న రైతు ఫోన్ పెట్టేసి ఇటు నడిచాడు. అంకమ్మ కూతురి వైపు చూపించింది, అంతే. ఆవిడ మొహంలో అంత వెలుగు ఆరాధన ఎప్పుడూ చూడలేదు.

ఆరాధన గొంతు పెంచలేదు.

"ముందు కాటా సున్నా చెయ్యండి. మా అందరికీ చూపించండి. ఈ వారం తూచిన ప్రతి బస్తాకీ ఒకటిన్నర కిలో కలిపి, పుస్తకంలో మా ముందే రాయండి. ఆ తర్వాతే మా అమ్మ బస్తా కాటా ఎక్కుతుంది."