తనూజ అకౌంట్స్ చదువు

ఉత్తరాది ఉక్కు నగరంలో, బిర్సానగర్‌లోని ఆ తెలుగువాళ్ళ ఇంట్లో, తెల్లవారి దేవుడి దగ్గర దీపం వెలిగే వేళకి తనూజ పాఠం వల్లె వేస్తోంది.

"జో ఆయే సో డెబిట్, జో జాయే సో క్రెడిట్..."

"ఏటే ఆ మంత్రం? పొద్దున్నే దేముడి పేరు తలుచుకోవే," అంది నాయనమ్మ పైడమ్మ.

"అకౌంట్స్ హై, నాయనమ్మా. వచ్చింది డెబిట్, పోయింది క్రెడిట్. వచ్చినదానికి ఎదురు పోయినది రాయాలి. రెండు వైపులా కలిస్తేనే సరిగ్గా రాసినట్టు."

"మీ నాన్న పోయాడు గదా. దానికి ఎదురు ఏటి రాత్తారో మీ మేష్టార్ని అడుగు."

తనూజ పుస్తకం మూసేసింది.

తండ్రి చిన్నారావు పోయి రెండు నెలలైంది. ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేవాడు. డ్యూటీలోనే గుండె ఆగి కూలిపోయాడు. ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తామనీ, ఈ నెలాఖరులోగా వచ్చి చేరాలనీ కంపెనీ కబురు చేసింది. ఆ విషయం తేల్చడానికే పెదనాన్న భీమారావు అదే ఊళ్ళోని గోల్‌మురి నుంచి స్కూటర్ మీద వచ్చాడు.

"తనూజకి పద్దెనిమిది నిండాయి. బడి మానిపించి రేపు చేర్పించేద్దాం. స్టోర్సులో కూసునే పనే," అన్నాడు కాఫీ గ్లాసు అందుకుంటూ.

"బోర్డు పరీక్షలున్నాయి, పెదనాన్నా. ఆ తర్వాత సీఏ చదవాలి," అంది తనూజ.

"సీఏనా! ముందు ఇల్లు గడవనీయే తల్లీ."

తనూజ తల్లి కాంతం తలుపు చాటు నుంచే నెమ్మదిగా అంది. "నేను చేరతాను, బావగారూ. క్యాంటీన్‌లో పనిత్తామన్నారు."

"ఏడాది తిరక్కుండా గడప దాటుతావేటి? మా అమ్మ దాటిందా? పొద్దున్నే డ్యూటీకెల్లే మగోళ్ళకి నువ్వెదురైతే నలుగురూ ఏటంటారు?"

కాంతం కళ్ళలోంచి నీళ్ళు జారి ముంజేతి మీద పడ్డాయి. అది చూడలేక తనూజే లేచింది.

"రెహ్నే దో, ఊరుకోండి పెదనాన్నా. అమ్మనేం అనకండి. నేనే చేరతాను. బడి మానేస్తాను."

అంతవరకూ గోడకి చేరబడి కూర్చున్న పైడమ్మ కదిలింది.

"ఒరే భీమా, నీ తమ్ముడు డ్యూటీకెల్లేటప్పుడు నేనెక్కడుండేదాన్ని?"

"వంటింటి తలుపెనకాల."

"ఎందుకురా?"

భీమారావు తల దించుకున్నాడు. పాతికేళ్ళకే మొగుడు పోయిన పైడమ్మ, తన ముఖం కొడుక్కి అపశకునమని నమ్మింది. అతని స్కూటర్ చప్పుడు వీధి దాటేదాకా రోజూ ఆ తలుపు వెనకే నిలబడేది. బిడ్డలు చూసుకోమని దేవుడిచ్చిన ముఖాన్ని దాచుకోమన్నది ఎవరో ఆమె ఏనాడూ అడగలేదు.

"ఆ రోజూ అక్కడే ఉన్నాను. పేనంతో ఉన్న ఆడి మొకం కడసారి సూడనేదు. 'అమ్మా, ఎల్లొత్తాను' అని కేకేశాడు. పలికితే బైటికి రావాల్సొత్తాదని పలకనేదు. నేను దాక్కుంటే ఆడు నూరేళ్ళు బతుకుతాడనుకున్నాను. బతికాడేటిరా?"

కాంతం వచ్చి అత్త పక్కన కూలబడింది. కాసేపటికి భీమారావు తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎన్నింటికి చేరాలమ్మా? నేనొచ్చి దింపుతాను," అన్నాడు మరదలితో.

మర్నాడు ఉదయం కాంతం గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. కాలు ముందుకు పడలేదు. అప్పుడు పైడమ్మ వీధిలోకి దిగి, తిరిగి కోడలికి ఎదురొచ్చింది.

"నా మొకం సూడు. సూసే ఎల్లు."

కాంతం వంగి అత్త పాదాలంటి, కళ్ళు తుడుచుకుని బావగారి స్కూటర్ ఎక్కింది. వెనకే తనూజ సంచీ భుజాన వేసుకుని బడికి బయలుదేరింది. "ఎల్లొత్తాను, నాయనమ్మా."

"ఎల్లిరా, తల్లీ," అంది పైడమ్మ గట్టిగా, వీధంతా వినబడేలా.

మనవరాలు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. ఆ ఒక్క మాటా కొడుక్కి చెప్పుకోలేకపోయానని, ఖాళీ వీధిలో అప్పుడు బావురుమంది.