వరహాలమ్మకు అక్కర్లేని సాయం

"కదలకు వరహాలమ్మా, ఇంకొక్క నిమిషం," అన్నాడు డాక్టర్ శేషశయనం. తలకు హెల్మెట్ పెట్టుకున్న వరహాలమ్మ ఊపిరి కూడా బిగబట్టింది.

ఆ హెల్మెట్ పేరు నీడ్ స్కానర్. 2041లో విశాఖలో స్కాలర్‌షిప్ కావాలంటే ఆదాయ సర్టిఫికెట్ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగనక్కర్లేదు. ఇది తలకు పెట్టుకుంటే చాలు. మెదడును చదివి ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెబుతుంది: డబ్బు ఇవ్వకపోతే ఈ మనిషి చదువు ఆగిపోతుందా? ఆగిపోయేవాళ్ళకే సాయం. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి!

దాన్ని తయారుచేసిన ల్యాబ్‌లోనే వరహాలమ్మ అటెండరు. గాజు సామాను కడుగుతూనే ముప్పై ఆరో ఏట ఓపెన్ స్కూల్లో ఇంటర్ పాసయింది. ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చేయాలని ఆమె ఆశ. సీటు వచ్చింది, ఫీజుకే దారి లేదు.

"రోజూ కాసేపు హెల్మెట్ పెట్టుకుని కూర్చో. మెషిన్ తయారయ్యాక మొదటి స్కాలర్‌షిప్ నీదే," అన్నాడు డాక్టరు. పదకొండు నెలలు కూర్చుంది. పట్టుదల అంటే ఏమిటో మెషిన్ ఆమె మెదడు చూసే నేర్చుకుంది.

ఇవాళ స్క్రీన్ మీద తీర్పు వచ్చింది: "సాయం లేకున్నా చదువుతుంది. తిరస్కరణ."

ఆమె తర్వాత హెల్మెట్ పెట్టుకున్న, వెనక కుర్చీలో ఆవలిస్తూ కూర్చున్న అమ్మాయికి మంజూరైంది.

"ఏటి బాబూ ఇది? మాటిచ్చారు గదా!"

"నేనేం చేయను? మెషిన్ అబద్ధం చెప్పదు. నువ్వు ఎలాగైనా చదువుతావు," అన్నాడు డాక్టరు, మెచ్చుకుంటున్నట్టు.

"ఏరు దాటీసి తెప్ప తగలెట్టీసినారు," అంది వరహాలమ్మ.

ఆకలికి ఓర్చుకోగలదని అన్నం పెట్టకపోవడం ఎక్కడి న్యాయమండీ? రాస్తుంటే నాకే ఒళ్ళు మండుతోంది. ఫీజు గడువు దాటింది. సీటు ఇంకెవరికో ఇచ్చేశారు. ఆమె పుస్తకాలన్నీ పాత పేపర్లవాడికి వేసేసింది.

ఏడాది తిరిగింది. మనసు పీకిందో ఏమో, డాక్టరే బతిమాలి మళ్ళీ హెల్మెట్ పెట్టించాడు. ఈసారి స్క్రీన్ ఆలోచించనైనా లేదు: "సాయం లేకపోతే చదవదు. మంజూరు."

"చూశావా! ఫీజు మొత్తం ఇస్తోంది!" చంటిపిల్లాడిలా గంతేశాడు డాక్టరు.

వరహాలమ్మ హెల్మెట్ తీసి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, స్టాండుకు తగిలించింది.

"నాకిప్పుడు సదవాలని నేదు బాబూ. సదవాలని ఉన్నోలికి ఇవ్వండి."

"వాళ్ళకు మెషిన్ ఇవ్వదు కదా," అన్నాడు డాక్టరు.