అబద్ధమాడిన గొంతు

“నేను ఈ మాట ఎప్పుడన్నాను?” అంది నేయ్ తబేరా.

టేబుల్ మీద చిన్న స్పీకరు. అందులోంచి వస్తున్నది ఆమె గొంతే. వాక్యం చివర కాస్త ఊపిరి పీల్చుకోవడంతో సహా అంతా ఆమెదే. “మీ లగూన్‌ను ఇరవై ఏళ్లు అద్దెకు తీసుకుంటాం. మీ ఇళ్లు మీవే,” అంటోంది.

“మీరింకా అనలేదు. రేపు పొద్దున పది గంటలకి అంటారు,” అన్నాడు టెన్ కైతారా.

ఆ దీవుల దేశానికి రాజధాని తరావాలో మత్స్యశాఖ ఆఫీసు పై గది అది. తలుపు మీద ‘వలల లైసెన్సులు’ అని బోర్డు ఉంటుంది. లైసెన్సు కోసం అక్కడికి ఎవరూ రారు. దేశం మొత్తానికి ఉన్న నలుగురు గూఢచారులకీ కైతారా అధికారి.

తబేరాకి అరవై ఒకటి. ముప్ఫై ఏళ్లు మంత్రుల కుర్చీల వెనక కూర్చుని వాళ్ల మాటలు అనువదించింది. అందులో ఇరవై రెండేళ్లు, అక్కడ విన్నదంతా ఈ గదికి మోసింది. అనువాదకురాలి మొహం ఎవరికీ గుర్తుండదు. మారువేషం ఆమెకి ఎప్పుడూ అవసరం రాలేదు.

రెండేళ్ల కిందట అనువాద యంత్రం వచ్చింది. పార్లమెంటులో ఉన్న ఆమె టేపులన్నీ దానికి మేపారు. ఆమెకి ఒక చాప, ఒక ప్రశంసాపత్రం ఇచ్చి పంపేశారు. అప్పటినుంచి పడవ టైములూ, రేడియోలో వాతావరణమూ, క్లినిక్ ఫోన్‌లో సలహాలూ అన్నీ ఆమె గొంతే చెబుతోంది. ఒకరోజు చేపల బజారులో ఒక తల్లి ఆమె చెయ్యి పట్టుకుని నిలదీసింది. “జ్వరానికి తడిగుడ్డ చాలన్నావుగా. నా బిడ్డ తెల్లారేసరికి పోయాడు.” ఆ మాటలన్నీ తలొంచుకుని పడింది. ఆ రోజునుంచి ఇంట్లో కూడా ఆమె మాట్లాడటం తగ్గిపోయింది.

“విషయం చెప్పు,” అంది.

“తెబికెరాయ్ దీవి. దాని లగూన్‌లో, ఆ లోపలి సముద్రపు మడుగులో, చేపల రేవు కడతామంటూ ఒక విదేశీ ముఠా వచ్చింది. అసలు కట్టేది జలాంతర్గాముల స్థావరం. ఇంగ్లీషు ఒప్పందంలో ఏడో షరతు చూడండి. గడువు లేదు. ఎప్పటికీ వాళ్లదే. జనం ఏడాదిలో దీవి ఖాళీ చెయ్యాలి.”

“మంత్రికి ఇంగ్లీషు వచ్చుగా?”

“దీవి పెద్దలు ఒప్పుకుంటే తనకేం అభ్యంతరం అంటాడు. పెద్దలకేమో ఇయర్‌ఫోన్‌లో యంత్రం చెప్పిందే ఒప్పందం. పరీక్షల్లో ఎక్కడా తప్పు పట్టలేం. రేపు ఆ ఒక్క షరతు దగ్గర, ఒక్కసారి, మార్చి చెబుతుంది. ఆ తర్వాత ఆనవాలు కూడా మిగలదు.”

“పెద్దలకి ముందే చెప్పెయ్యొచ్చుగా?”

కైతారా కళ్లు దించుకున్నాడు. “వాళ్లందరికీ పెద్దదిక్కు టెన్ ఉరియంకి ఫోన్ చేశాను. ‘తబేరా నిన్ననే ఫోన్ చేసి అంతా విడమరిచి చెప్పింది, భయం లేదంది, మళ్లీ నువ్వెందుకు?’ అన్నాడు.”

ఉరియంతో మాట్లాడి తబేరాకి నాలుగేళ్లయింది.

“ఈ టేప్ ఎవరిచ్చారు?”

“డెల్ఫీన్ ఆర్నో. నుమేయా నగరం నుంచి వచ్చిన మనిషి. ఆ యంత్రం నడిపే ఇంజనీరు. ముఠా దగ్గరా జీతం తీసుకుంటుంది, మన దగ్గరా తీసుకుంటుంది.”

“ఎవరి పక్షం?”

“అది ఆవిడకే తెలీదనుకుంటా.”

అతను సొరుగులోంచి తాటాకు విసనకర్ర లాంటిది ఒకటి తీశాడు. అల్లికలో అన్నం మెతుకంత మైకు, పిడిలో ట్రాన్స్‌మిటర్. “డెల్ఫీన్ కొబ్బరినీళ్లు అడిగితే యంత్రం ఆపేసిందని గుర్తు. వెంటనే మీరు పిడి నొక్కి అసలు షరతు చెప్పండి. అది నేరుగా పెద్దల ఇయర్‌ఫోన్లలో వినిపిస్తుంది, గొంతు మారిందని ఎవరికీ తెలీదు. అక్కడ ముఠా పెద్ద లుండ్ ఉంటాడు. అతని మనుషుల దగ్గర మీ ఫోటో ఉంది. అప్పటిదాకా నోరు విప్పకండి.”

*

మర్నాడు తొమ్మిదింటికి తబేరా తెబికెరాయ్ ఊరి సభామండపం మనేబా పక్కన వంటపాకలో బబాయి దుంపలు తరుగుతోంది. తలకి గుడ్డ, కళ్లకి మందపాటి అద్దాలు, ఒళ్లో విసనకర్ర. గొంతు నొప్పని సైగ చేసింది.

“మాట పడిపోయిందా?” అంది పెద్ద వంటామె. “ఆ జబ్బు మా ఆయనకి వస్తే ఊరందరికీ పంది కోసి పెడతాను.”

ఆడవాళ్లు పడి పడి నవ్వారు. తబేరా కూడా నవ్వింది, చప్పుడు లేకుండా.

మనేబాకి గోడలుండవు. పాకలోంచి అంతా కనిపిస్తోంది. చెప్పులన్నీ బయట విడిచి, పెద్దలు తమ తమ వంశాల చోట్లలో చాపల మీద కూర్చున్నారు. చెవుల్లో తెల్లటి ఇయర్‌ఫోన్లు. ఒక పక్క మంత్రి, రేడియో వాళ్లు. ఇంకో పక్క ఎర్ర గౌనులో డెల్ఫీన్, ముందు యంత్రం పెట్టె. ఆమె వెనకే లుండ్ నిలబడ్డాడు.

లుండ్ మనిషి షరతులు చదువుతున్నాడు. తబేరా చెవిలోనూ ఒక ఇయర్‌ఫోన్ ఉంది. ఒకటి, రెండు, మూడు. తన గొంతే ఎక్కడా తడబడకుండా అనువదిస్తోంది. ఉద్యోగం చివరిరోజుల్లో తనకి దొరకని మాటలు కూడా దానికి ఇట్టే దొరుకుతున్నాయి. నిజం చెప్పాలంటే తనకంటే బాగానే చేస్తోంది.

ఏడో షరతు మొదలైంది.

లుండ్ చెయ్యి డెల్ఫీన్ భుజం మీద పడింది. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. కొబ్బరినీళ్లు అడగలేదు.

“మీ లగూన్‌ను ఇరవై ఏళ్లు అద్దెకు తీసుకుంటాం,” అంది గొంతు.

ఉరియం తలాడించాడు. మోకాళ్ల మీద చేతులు ఆన్చి నిటారుగా కూర్చున్నాడు. ఊరి తరఫున మాట ఇచ్చే ముందు ఆయన అలాగే కూర్చుంటాడు. మనేబాలో ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం అక్కడ లేదు.

తబేరా విసనకర్ర పిడి నొక్కింది.

“గడువు లేదు,” అంది. “ఎప్పటికీ వాళ్లదే. ఏడాదిలో మీరంతా దీవి వదిలి వెళ్లాలి.”

“మీ ఇళ్లు మీవే,” అంటోంది యంత్రం.

“మీ ఇళ్లు మీవి కావు.”

ఒకే గొంతు రెండు మాటలు చెబుతోంది. ఒక ముసలాయన ఉలిక్కిపడి చెవిలోది లాగి పారేశాడు. ఇంకొకాయన చచ్చిపోయిన వాళ్లెవరో వచ్చారన్నట్టు పైకప్పు వంక చూశాడు. ఒక్క క్షణం ఏ మాట తనదో తబేరాకే తెలియలేదు. ఎదురుగా బబాయి దుంపను గట్టిగా పట్టుకుని చెప్పిందే మళ్లీ చెప్పింది.

లుండ్ చెట్టు చెట్టుకీ మనుషుల్ని పరిగెత్తించాడు. సిగ్నల్ ఎక్కణ్ణుంచి వస్తోందో పసిగట్టే పెట్టెతో ఒకడు వంటపాక గుమ్మం దాకా వచ్చేశాడు. పెద్ద వంటామె ఒకసారి తబేరా పెదవుల వంక చూసింది. పొగలు కక్కే చేపల పులుసు గిన్నె ఎత్తుకుని వెళ్లి వాడికి అడ్డంగా నిలబడింది.

“జరుగు బాబూ. ఒలికిందంటే నీ కాళ్లే.”

అప్పుడు మనేబాలోంచి ఆడగొంతు వినిపించింది. “కాస్త కొబ్బరినీళ్లు ఇస్తారా?”

యంత్రం ఆగిపోయింది. డెల్ఫీన్ మొహం సున్నం కొట్టినట్టుంది. ఇయర్‌ఫోన్లలో ఇక ఒక్క తబేరానే మిగిలింది.

ఉరియం చెవిలోది తీసి చాప మీద పెట్టాడు. మంత్రి వైపు తిరిగాడు. “ఇప్పుడు విన్న రెంట్లో ఒకటి అబద్ధం. నువ్వు మాకు మనవడి వరస. ఆ కాగితం చూసి నీ నోటితో చెప్పు నాయనా. ఎన్నేళ్లు?”

మంత్రి రేడియో మైకు వంక చూశాడు. కాగితం వంక చూశాడు. “గడువు లేదు తాతా,” అన్నాడు.

“అయితే మాటా లేదు.” ఉరియం మోకాళ్ల మీంచి చేతులు తీసేశాడు.

భోజనాలు కాకముందే లుండ్ విమానం లేచిపోయింది. మనేబా బయట ఒక ఎర్రచెప్పుల జత మిగిలిపోయింది. సాయంత్రం దాకా ఎవరూ వాటి కోసం రాలేదు.

*

వారం తర్వాత కైతారా తబేరాని మళ్లీ పిలిచాడు. “మంత్రి ఇంకో ఆరు దీవులకి యంత్రాలు తెప్పిస్తున్నాడు. తన తప్పు తనే దిద్దుకుందని దాన్ని పొగిడాడు.”

“డెల్ఫీన్ సంగతి?”

అతను ఫోన్‌లో వచ్చిన సందేశం వినిపించాడు. “నుమేయా చేరాను. క్షేమంగా ఉన్నాను. నా కోసం వెతకొద్దు.” ఆ పలుకు, ఆ చిన్న నవ్వు, అన్నీ సరిపోయాయి.

తబేరా మూడుసార్లు విన్నది.

“ఫైలు మూసెయ్యమంటారా?” అన్నాడు కైతారా. “గొంతు ఆవిడదే కదా.”

“అవును,” అంది తబేరా లేస్తూ. “ఆ లెక్కన ఉరియంకి ఫోన్ చేసింది కూడా నేనే.”