మెకానిక్‌కి ఆ ఆర్డర్ లేదు

పప్పులో కాలేసిన వాళ్ళని పట్టుకోవడమే నా ఉద్యోగం.

మా కంపెనీ ఒక వీడియో గేమ్ తయారు చేస్తుంది. నక్షత్రాల మధ్య యుద్ధం, చదరంగంలా ఎత్తుకు పై ఎత్తు. అందులోని మనుషులతో ఒక నవల రాయించి అమ్ముదామని పైవాళ్ళకు బుద్ధి పుట్టింది. రచయిత్రిని పెట్టుకున్నారు. ఆవిడ గేమ్‌కి విరుద్ధంగా రాస్తే ఎర్ర పెన్నుతో దిద్దేవాణ్ణి నేను.

మొదటి చాప్టర్ దిద్ది పంపిన మర్నాడే కాగితాలు పట్టుకుని నేరుగా నా టేబుల్ దగ్గరికి వచ్చేసింది.

"డాక్టర్‌కి చేతుల్లేవు అని రాసింది మీరేనా?"

"నేనేనండి."

"చేతుల్లేకుండా వైద్యం ఎలా చేస్తుందండీ?"

"ఎగురుకుంటూ వచ్చి పచ్చ లైటు వేస్తుంది. మా గేమ్‌లో డాక్టర్ అంటే ఒక డబ్బా అండి."

ఆమె కాగితాలు తిరగేసి చూసింది. "అంటే మా కెప్టెన్ పదిహేను పేజీలుగా ప్రేమిస్తున్నది డబ్బానా?"

"అదే రాశానండి, కింద."

"ఇంట్లో కూడా ఇంతేనా మీరు? కూరలో ఉప్పు తక్కువైతే మీ అమ్మగారికి కూడా ఎర్ర పెన్నుతో రాసిస్తారా?"

"మా అమ్మ ముందు నా పెన్ను పారదండి."

నవ్వాపుకుందామని చూసింది గాని, ఆగలేదు. ఆ రోజు నుంచి నా పేరు ఎర్ర సిరా. ఆఫీసంతా అదే పిలుపు. బయటికి విసుక్కునేవాణ్ణి, లోపల మాత్రం ఆ పిలుపు కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేవాణ్ణి.

కథ మొత్తం మార్చింది. ఈసారి హీరోయిన్ స్కౌట్. అంటే శత్రువుల జాడ కనిపెట్టడానికి అందరికంటే ముందు వెళ్ళే పైలట్. వెళ్ళిన స్కౌట్ తిరిగి రాదు. హీరో ఆమె ఓడను బాగుచేసే మెకానిక్.

"వీళ్ళకి చేతులున్నాయి కదా?"

"ఉన్నాయండి. మెకానిక్‌కి నాలుగు."

"రెండు చాల్లెండి."

"గేమ్‌లో నాలుగేనండి."

"మీతో వేగడం నా వల్ల కాదు," అంది గాని, నాలుగే రాసింది.

ఒక సాయంత్రం ఆఫీసు బయట వాన పట్టుకుంది. ఇద్దరికీ నా ఒక్క గొడుగే. వాన వంక చూస్తున్నట్టు నటిస్తూ, ఆమె కనుబొమ్మ మీద ఆగిన చినుకును చూస్తున్నాను.

"మెకానిక్ స్కౌట్ వైపు చూసేటప్పుడు ఏం చూస్తాడంటారు?" అని అడిగింది.

"బోల్టులండి."

"ఖర్మ." గొడుగు మొత్తం తన వైపే ఉందని అప్పుడు గమనించింది. "మీరు తడిసిపోతున్నారు."

"కాగితాలు తడుస్తాయని."

"కాగితాల కోసమేనా?"

కాదు, మీకోసమే అంటే ఏం పోయేది నాకు? బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను.

వాన తగ్గాక తనే చెప్పింది. "మా మేనమామ ఒక సంబంధం తెచ్చాడు. పళ్ళ డాక్టరు. చేతులున్న డాక్టరే లెండి. ఆఖరి చాప్టర్ అయ్యాక జవాబు చెబుతానన్నాను."

లోపల లెక్క వేసుకున్నాను. ఆఖరి చాప్టర్ దాకా గడువుంది. పని మధ్యలో ఇలాంటివి మాట్లాడితే బాగుండదు. అది ముగిసిన మరుక్షణం నా మనసులో మాట చెప్పేస్తాను. ఇదీ నా పథకం. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

వారానికి ఆఖరి చాప్టర్ వచ్చింది. స్కౌట్ ఓడ ఎక్కబోతోంది. మెకానిక్ చివరి బోల్టు బిగిస్తున్నాడు. ఆమె అతని పక్కకు వచ్చి అంటుంది: "ఆగమని ఒక్క మాట అను. ఆగిపోతాను."

దాని కింద సగం పేజీ ఖాళీ. అంచున పెన్సిల్‌తో చిన్న అక్షరాలు: 'మెకానిక్ ఏమంటాడో మీరే చెప్పండి.'

చెప్పాను. ఎనిమిది నిమిషాల్లో చెప్పాను. 'స్కౌట్‌ని ఆపే ఆర్డర్ మెకానిక్‌కి లేదు. గేమ్‌లో అతను మాట్లాడడు. స్కౌట్ బయలుదేరాలి.' కింద రెండు గీతలు కూడా గీశాను.

సాయంత్రం ఫోన్ చేసింది.

"బాగా ఆలోచించే రాశారా?"

"ఆలోచించడానికేముందండీ, రూల్ అది."

"ఒక్కసారైనా ఆపలేడా?"

"ఆపలేడండి."

 

"నాలుగు చేతులిచ్చారు," అంది. "ఒక్క నోరు ఇవ్వలేకపోయారు. సరే, మారుస్తాను."

మర్నాడు కొత్త చొక్కా వేసుకుని, నా మాట చెబుదామని వెళ్ళాను. ఆమె ఆఫీసుకు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఫోన్ ఎత్తలేదు. రాసి అలసిపోయి ఉంటుందిలే అనుకున్నాను.

రెండు నెలలకు పుస్తకం విడుదల, మా ఆఫీసు పై అంతస్తులోనే. వాళ్ళ నాన్నగారు నన్ను వెతుక్కుంటూ వచ్చి చెయ్యి పట్టుకున్నారు.

"ఎర్ర సిరా అంటే నువ్వేనా బాబూ? మా అమ్మాయి ఎప్పుడూ నీ మాటే చెప్పేది. ఆ ఆఖరి చాప్టర్ పంపిన రోజు ఇంట్లో అన్నం ముట్టలేదు, ఫోన్ ముందే కూర్చుంది. నీ జవాబు వచ్చాక గదిలోంచి బయటికొచ్చి, సంబంధం ఖాయం చెయ్యండి అంది. ఏమైనా నీ చేతి చలవ. చల్లగా ఉండు."

నా తల మీద చెయ్యి వేసి దీవించారు. 

ఆమె కిటికీ దగ్గర ఒంటరిగా ఉంది. వెళ్ళాను.

"మీరు అడిగింది గేమ్ గురించి అనుకున్నానండి."

ఆమె మొహంలో రంగు మారింది. "నిజంగానా?"

"నిజంగా. ఆ చాప్టర్ అయ్యాక చెబుదామనే ఉన్నాను. మీరంటే నాకు ప్రాణం. ఆ చేతుల్లేని డాక్టర్ రోజు నుంచి."

నవ్వింది. నవ్వుతుండగానే కళ్ళు నిండిపోయాయి. "వద్దన్నారనుకుని ఏడ్చాను. ఏడ్చి మర్చిపోదామనుకున్నాను. అసలు అర్థమే కాలేదంటే, ఇప్పుడు నేనెవరి మీద కోపం తెచ్చుకోను?"

"పెళ్ళి ఇంకా కాలేదు కదండీ."

"మాటిచ్చాను. నేను సరేనన్న రోజు ఆయన రెండుసార్లు అడిగాడు, మీకు నిజంగా ఇష్టమేనా అని. మీరు ఒక్కసారైనా అడిగారా?"

అడగలేదు. హాలు అవతల ఆ పళ్ళ డాక్టరు రెండు కప్పులు పట్టుకుని, ఒలకకుండా జాగ్రత్తగా నడిచి వస్తున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుని ఎదురు వెళ్ళింది.

గేమ్ కొత్త వెర్షన్‌కి ఒక మార్పు అడిగాను. మెకానిక్‌కి 'ఆగు' అనే ఆర్డర్, అంటే ఆడేవాళ్ళు నొక్కే బటన్.

"ఎవరు వాడతారయ్యా దాన్ని?" అన్నాడు మా బాసు.

"అవసరం ఎవరికో ఒకరికి పడుతుంది సార్."

పోరగా పోరగా పెట్టారు. పనిచేస్తుందో లేదో చూసి రిపోర్టు రాయాల్సింది నేనే. మెకానిక్‌ని ఎంచుకుని 'ఆగు' నొక్కాను. ఓడ ఇంజన్లు ఆగిపోయాయి. స్కౌట్ నిచ్చెన దిగివచ్చి అతని పక్కన నిలబడింది.

ఎర్ర పెన్ను తీశాను. పట్టడానికి ఒక్క తప్పూ లేదు.