తుప్పు

పదకొండు రోజులుగా ఆ ఇంట్లో తండ్రీకూతుళ్ళకు మాటల్లేవు. పోట్లాట మాత్రం నిక్షేపంగా సాగుతోంది. వరండాలో కూర్చుని అమ్మన్న ఒక మెయిల్ పెడతాడు, లోపలి గదిలోంచి స్టెల్లా జవాబిస్తుంది. ఆ రెండూ ఊరూ పేరూ తెలియని దేశాలవాళ్ళంతా చదువుతారు.

భార్య తెరేసా కాఫీ గ్లాసు పెట్టి నిలబడింది. "మళ్ళీ ఏం రాసేరండీ? పిల్ల కళ్ళు తుడుచుకుంటోంది."

"రస్ట్ అంటే తుప్పేగా. నా ప్రోగ్రాముకి తుప్పు పట్టనివ్వనని రాసేను."

"ఈ ఉప్పుగాలికి మన గేటు తుప్పుపట్టిపోయింది. ముందు దాని సంగతి చూడండి."

రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గగానే నీళ్ళు చిలికే ఏరేటర్లను తిప్పించే ప్రోగ్రాం అది. పందొమ్మిదేళ్ళ కిందట అమ్మన్న సీ అనే కంప్యూటర్ భాషలో రాసి, ఎవరైనా వాడుకోండని ఉచితంగా వదిలేశాడు. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి చెయ్యివేశారు. ఆయన సరేనంటేనే ఏ మార్పైనా లోపలికి వెళ్ళేది. స్టెల్లా అందులో ఒక భాగాన్ని కొత్త భాష రస్ట్‌లో రాసి మూడుసార్లు పంపితే, మూడుసార్లూ తిప్పికొట్టాడు. కడుపున పుట్టిందే తన రాతను చెరిపేస్తానంటే ఆయనకు ఒళ్ళు మండింది.

స్టెల్లా బయటికొచ్చింది. "ఈ ప్రోగ్రాం పనిలోంచి తప్పుకుంటున్నానని రాసేసేను నాన్నా. ఒక్కటి చెప్పండి. నేను పంపింది చదివేరా?"

"చదవక్కర్లేదు. నలుగురిలో నా పరువు తీద్దామనేగా!"

"అడవిపొలం ఊళ్ళో బుల్లబ్బాయి మావయ్య రొయ్యలెందుకు చచ్చిపోయేయి?"

"కరెంటు పోయింది. వాడికి నేనే చెప్పేను."

"పోలేదు నాన్నా. చెరువు పేరు దాచడానికి మీరు ముప్పైరెండు గడులు ఇచ్చేరు. తెలుగులో ఒక్కో గుర్తూ మూడేసి గడులు తింటుంది. 'బుల్లబ్బాయి పెద్దచెరువు' అని ఆయన పెట్టుకున్న పేరు పొంగి, పక్కనున్న ఆక్సిజన్ అంకె మీద పడింది. నీళ్ళలో ఊపిరి లేకపోయినా నిండుగా ఉందని చూపించింది. ఏరేటర్లు తిరగలేదు. కొత్త భాష అలా పొంగనివ్వదు. అందుకే రాసేను, మీమీద పంతానికి కాదు."

అమ్మన్నకు గుర్తొచ్చింది. మన చెరువుల పేర్లు ఇంగ్లీషులో ఎందుకు నాన్నా అని తొమ్మిదేళ్ళ స్టెల్లా అడిగితే, ఆ రోజే కూర్చుని తెలుగు పెట్టాడు. గడులు పెంచడం మరిచిపోయాడు.

ఆమె పంపినదాన్ని ఇప్పుడు మొదటిసారి తెరిచాడు. పైన రచయితగా ఆయన పేరు చెక్కుచెదరలేదు. కింద మార్పుకి కారణంగా 'పాత పొరపాటు' అని మాత్రమే ఉంది. ఎవరిదో లేదు.

తన పరువు ఇంత గుట్టుగా కాపాడిన పిల్లను అందరిలో తుప్పన్నాడు. కళ్ళజోడు తీసి కండువాతో ముఖం కప్పుకున్నాడు.

కాసేపటికి మెయిల్ రాశాడు. 'స్టెల్లా పంపినది చదివాను. సరైనది. తప్పు నాది. రొయ్యలు చచ్చింది నావల్ల.' పంపేసి లేచి చొక్కా తొడుక్కున్నాడు.

"ఎక్కడికండీ?" అంది తెరేసా.

"అడవిపొలం. వాడు కరెంటోళ్ళని తిట్టుకుంటున్నాడు. తిట్టాల్సింది నన్ను." గుమ్మం దగ్గర ఆగి స్టెల్లావైపు తిరిగాడు. "అమ్మా, నువ్వూ రావా? ఆ గడుల సంగతి నాకు చెప్పడం రాదు."

స్టెల్లా మేకుకున్న బండి తాళం తీసుకుని, ఆయనకన్నా ముందు మెట్లు దిగి, తుప్పుపట్టిన గేటు రెండు చేతులా లాగింది.