పానం ఉన్న కాడ బొట్టు

భార్య రమ దినాల నాడు కూరలో ఉప్పు తక్కువైందన్నది ఎల్లారెడ్డి వాళ్లు. ఇందులో వాదనకు చోటు లేదు. భార్య పోయిన మనిషి వడ్డిస్తుంటే, ఆమె మేనమామలిద్దరూ విస్తరి ముందు కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆ మాట అన్నారు. గరిటె పట్టుకున్న రాజేశం విన్నాడు. ఉప్పు డబ్బా తెచ్చి వాళ్ల మధ్య పెట్టాడు. ఆ రోజుతో తేలిపోయింది. ఎల్లారెడ్డి మనుషులు మంచివాళ్లు కారు. ఆ ఊళ్లో తను కాలు పెట్టడు.

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో అతనిది లాప్‌టాప్‌లు బాగుచేసే దుకాణం. రామారెడ్డి బడిలో పదో తరగతి దాకా చదివాడు. మిగతాది పనిలోనే నేర్చుకున్నాడు. నలభై రాకముందే ముసలివాడిలా మాట్లాడతాడని పక్కన చాయ్ బండి ఏసయ్య అంటాడు. అది అబద్ధం. ముసలివాళ్లు ఇంకా ఎక్కువ మాట్లాడతారు.

ముసురు పట్టిన ఒక పొద్దున శ్రీలత వచ్చింది. గొడుగు తన మీద కాక చేతిలోని సంచి మీద పట్టింది. ఆమె తడిసి ముద్దయింది, సంచిలో లాప్‌టాప్ పొడిగా ఉంది.

"అన్నా, ఇది సక్కగ లేస్తలేదు," అంది.

బటన్ నొక్కితే దీపం వెలుగుతుందట. ఆ వెంటనే ఒక నీలం పేజీ వస్తుందట. తేదీ, టైము, ఏవో ఇంగ్లీషు ముక్కలు. అక్కడి నుంచి ముందుకు పోదు. ఆపి మళ్లీ వేసినా అదే.

అది లోపలి సెట్టింగుల పేజీ. పిలిస్తే తప్ప రాకూడదు. రాజేశం బటన్ నొక్కాడు. లాప్‌టాప్ బడికి పోయే పిల్లలా బుద్ధిగా లేచింది.

"లేచింది గద."

"ఇంట్ల లేవలే."

"ఏ ఊరు?"

"ఎల్లారెడ్డి."

రాజేశం చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. ఆమె అతని మొహంలోకి వంగి చూసింది.

"ఊరి పేరు చెప్పంగనే ఆగిపోయిన్రు. మీకు గూడ నీలం పేజీ వచ్చిందా?"

చాయ్ బండి దగ్గర ఏసయ్య చేతిలో గ్లాసు జారబోయింది.

అయినా పని పనే. రాజేశం వెనుక మూత విప్పాడు, దుమ్ము దులిపాడు, మెమరీ ముక్క తీసి మళ్లీ బిగించాడు, ఇచ్చి పంపాడు. వారం తిరగకముందే ఆమె మళ్లీ వచ్చింది. ఇంట్లో నీలం పేజీ, దుకాణంలో బుద్ధి. ఈసారి లోపల చిన్న సెల్లు మార్చాడు, విండోస్ కొత్తగా ఎక్కించాడు. మళ్లీ వచ్చింది. మీ ఇంటి కరెంటే బాగాలేదన్నాడు. అదే కరెంటుతో మిక్సీ, ఫ్రిజ్ తిరుగుతున్నాయని ఆమె గుర్తుచేసింది. నువ్వు బటన్ సరిగ్గా నొక్కడం లేదన్నాడు.

"నేను లెక్కల టీచర్ను. బటన్ నొక్కుడు గూడ మీ దగ్గరనే నేర్సుకోవాల్నా?"

అతను విప్పుతూ బిగిస్తూ ఉంటే ఆమె స్టూలు మీద కూర్చుని తన సంగతి చెప్పేది. పెళ్లయింది, అది తెగింది, ఈ లాప్‌టాప్ ఒక్కటి పట్టుకుని తల్లిగారింటికి వచ్చేసింది. పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే కంపెనీ ఒకటి శుక్రవారం పదకొండింటికి ఇంటర్వ్యూ పెట్టింది. సొంత లాప్‌టాప్‌తో, ఇంటి నుంచే పాఠం చెప్పి చూపించాలి. ఉద్యోగం వస్తే తన కాళ్ల మీద తను నిలబడుతుంది. రాకపోతే మాచారెడ్డిలో పెద్దవ్వ చూసిపెట్టిన సంబంధానికి తల ఊపాలి. ఊపి తీరతానని తల్లికి మాట ఇచ్చింది.

రాజేశం బిగించిన స్క్రూనే మళ్లీ బిగించాడు. ఆమె వెళ్లాక చూస్తే అతని గ్లాసులో చాయ్ చల్లారి మీగడ కట్టింది.

"ఫస్టు దినం 'అన్నా' అన్నది," ఏసయ్య గ్లాసు తీసుకుంటూ అన్నాడు. "ఇప్పుడు ఏమనకుంటనే మాట్లాడుతుంది. సూసినవా?"

రాజేశం చూశాడు. చూశానని చెప్పలేదు.

గురువారం ఆమె మళ్లీ వచ్చినప్పుడు అతను తన సొంత లాప్‌టాప్ తీసి ఇచ్చాడు. ఇద్దరివీ ఒకే కంపెనీవి, ఒకే మోడల్. దాన్ని ఇంతవరకు ఏసయ్యను కూడా ముట్టనివ్వలేదు. రెండూ తీసుకుపో, ఏదో ఒకటి లేస్తుందన్నాడు. పొద్దుగూకే వేళకు ఫోన్ వచ్చింది. ఆమెది లేవలేదు. అతనిదీ లేవలేదు. రెండింటికీ నీలం పేజీ.

రాజేశం నోటికి అడ్డు లేకుండా పోయింది. ఎల్లారెడ్డికి పోయిన వస్తువు ఏదీ బాగుండదన్నాడు. వస్తువులే కాదు, మనుషులూ అంతేనన్నాడు.



"ఉప్పు తక్కువైందన్నది నేను గాదు," అంది శ్రీలత. "ఏసయ్యన్న చెప్పిండు. ఎవలో తినుకుంట అన్న మాటను మీరు ఇంకా నములుతున్నరు. రేపు పదకొండింటికి నా ఇంటర్వ్యూ. వచ్చేటోళ్లు వస్తరు, రానోళ్లు రారు."

ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం పొద్దున రాజేశం ఎల్లారెడ్డి బస్సు ఎక్కాడు. ఏసయ్య బస్టాండు దాకా వచ్చి టికెట్ తీసుకోవడం కూడా చూసి మరీ వెనక్కి పోయాడు. లింగంపేట దాటాక వాన మొదలైంది. కిటికీ అద్దం దిగలేదు, తొడ తడిసింది. అది కూడా ఎల్లారెడ్డి బస్సే కదా అనుకున్నాడు.

ఆ ఇంట్లో బొట్టు లేని వస్తువు లేదు. గ్యాస్ బండకు బొట్టు, ఫ్రిజ్‌కు బొట్టు, మిక్సీకి బొట్టు, గోడ మీద కరెంటు మీటరుకు కూడా బొట్టు. శ్రీలత ఇస్త్రీ చీర కట్టుకుని నీలం పేజీ ముందు కూర్చుని ఉంది. అతన్ని చూసి లేచింది. కళ్లు గెలిచినట్టు వెలిగాయి.

అతను ఇంకా కూర్చోకముందే వంటింట్లోంచి ఆమె తల్లి గంగామణి వచ్చింది. చేతిలో చిన్న గిన్నె. నీళ్లతో పలచగా కలిపిన పసుపులో వేలు ముంచి, ఆపి ఉన్న రాజేశం లాప్‌టాప్ తెరిచి, బటన్ మీద గట్టిగా అద్దింది. దాని మీద కుంకుమ.

"శుక్కురారం గద బిడ్డా," అంది రాజేశంతో. "అన్నిటికి మీద పెడితే సాలు. దీనికి పానం ఈడ ఉన్నది. మా పిల్ల పొద్దుగాల లేస్తే ఈడనే ఒత్తుతది. పానం ఉన్న కాడ బొట్టు పెట్టాలె."

పసుపు నీళ్లు ఆమె ప్రాణం ఉందన్న బటన్ పక్క నుంచి జారి డిలీట్ కీ కిందికి దిగాయి.

రాజేశం చూస్తూ నిలబడ్డాడు. లాప్‌టాప్ లేచేటప్పుడు డిలీట్ నొక్కి పట్టుకుంటే వచ్చేదే ఆ నీలం పేజీ. ఇక్కడ ఎవరూ నొక్కడం లేదు. లోపలి తడే నొక్కి పట్టుకుంటోంది. బస్సులో కామారెడ్డి చేరేసరికి తడి ఆరుతుంది, దుకాణంలో బుద్ధిగా లేస్తుంది. బాగై ఇంటికి వస్తే గంగామణి సంతోషంతో మళ్లీ బొట్టు పెడుతుంది.

"దుకాణంల నాకు బొట్టు కనవడలే," అన్నాడు శ్రీలతతో.

ఆమె మొహం కుంకుమ రంగుకు తిరిగింది. "తుడిచి తెచ్చిన. సూస్తే మీరు నవ్వుతరని."

రాజేశం నవ్వాడు. చాలాకాలం వాడని నవ్వు. మొదట దగ్గులా వచ్చింది, తర్వాత గాడిన పడింది. తల్లీ కూతుళ్లిద్దరూ పని ఆపి చూశారు.

ఆ తర్వాత చేతులు మాట్లాడాయి. శ్రీలత లాప్‌టాప్ ఆపి బ్యాటరీ తీశాడు. డిలీట్ కీ మీది మూత గోటితో లేపాడు. కింద పసుపు, కుంకుమ కలిసి బంకలా పట్టి ఉంది. దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచాడు. దూది పసుపైంది, ఇంకొకటి తీశాడు. గంగామణి చాట తెచ్చి విసరడం మొదలుపెట్టింది. తన వల్లే ఇంత జరిగిందని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఏం గాదవ్వా. ఇగ నుంచి మూత మీద పెట్టు. పానం లోపటికి అదే పోతది."

పదకొండు కాబోతుండగా శ్రీలత బటన్ నొక్కింది.  నీలం పేజీ రాలేదు. లాప్‌టాప్ లేచింది, నిలబడింది.

తలుపు దగ్గరగా వేసి రాజేశం చూరు కింద నిలబడ్డాడు. వాన చూరు నుంచి తాళ్లలా దిగుతోంది. లోపల శ్రీలత భిన్నాలు చెబుతోంది. ఒక జొన్నరొట్టెను అన్నాచెల్లెళ్లు పంచుకుంటున్నారు. చెల్లె తన వాటాలో సగం కుక్కకు వేసింది, ఇప్పుడు ఆమెకెంత మిగిలింది? ఎవరో అటువైపు నవ్వారు. రాజేశం మనసులో లెక్క కట్టాడు. తప్పింది. ఆమె చెప్పేది మళ్లీ విన్నాడు. అర్థమైంది.

తలుపు తెరుచుకుంది.

"తీసుకున్నరు," అంది.

గంగామణి చాట పట్టుకునే పక్కింటికి ఉరికింది. శ్రీలత మాచారెడ్డికి ఫోన్ చేసి, పెద్దవ్వా, ఆ సంబంధం మాట ఇక ఎత్తొద్దని చెప్పింది. దుబాయిలో ఉన్న తండ్రికి చెప్పింది. చెప్పాల్సిన వాళ్లందరికీ చెప్పి, చివరికి రాజేశం ముందుకు వచ్చి నిలబడింది.

"నీ మిషన్ల ఇగ చెడేది ఏం లేదు," అన్నాడు అతను వానను చూస్తూ. "నాకు మళ్ల రానీకి సాకు లేదు."

"సాకు లేకుంటే రారా?"

వాన కొంచెం తగ్గింది. అతను తగ్గలేదు.

"వస్త. నువ్వు ఉండమంటే పోను గూడ పోను."

"అయితే కూసోన్రి. అన్నం తిందురు."

సంబరంలో గంగామణి పప్పు వండింది. రాజేశం తిన్నాడు, మళ్లీ వేయించుకున్నాడు, విస్తరి ఊడ్చినట్టు ఖాళీ చేశాడు. అందరి తర్వాత శ్రీలత కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"అమ్మా, పప్పుల ఉప్పే ఎయ్యలే."

గంగామణి చెయ్యి నోటికి పోయింది. ఎట్లా తిన్నావు బిడ్డా అని అడిగింది.

"సరిపోయింది," అన్నాడు రాజేశం.

గంగామణి అప్పటికప్పుడు దుబాయికి ఫోన్ కలిపింది. "పిల్లగాడు ఉప్పు లేని పప్పు రెండుసార్లు ఏసుకొని తిన్నడు. గిసుంటి అల్లున్ని యాడ తెస్తవు? ఊ అను." అవతల నుంచి ఊ అన్నది ఇల్లంతా వినపడింది.

చేతులు కడుక్కునే దగ్గర శ్రీలత చెంబుతో నీళ్లు పోస్తూ అతని చెవి దగ్గరకు వంగింది. ఉప్పు తక్కువైందన్న ఆ మేనమామల్ని ఇక మాఫ్ చేసినట్టేనా అని అడిగింది.

"చెయ్యలే."

"మరి?"

"ఆ ముచ్చట నా నోట మళ్ల రాదు. పెండ్లిల వాళ్లే వచ్చి అడిగినా రాదు. నువ్వు గూడ అడగకు."

ఆమె ఇంకో చెంబు నీళ్లు పోసింది. అతను చేతులు దులుపుకున్నాడు.