వేసవిలో నాలుగు కుట్లు ఎక్కువ

ఆదివారం సూకు, అంటే పాత ఊరి బజారు, మూసి ఉంటుంది కాబట్టి సీ హమ్మాదీ ఇంట్లోనే ఉంటాడు. ఆయన ఇంట్లో ఉన్న రోజు ఇంకెవరికీ శాంతి ఉండదు. కాఫీలో నారింజపూల నీరు తక్కువైందంటాడు, రొట్టె నిన్నటిదంటాడు, పక్కింటి రేడియో కూడా మన తప్పే అన్నట్టు చూస్తాడు. ముప్పై నాలుగేళ్లుగా ఈ సణుగుడుకు అలవాటుపడ్డ భార్య మన్నూబియా ఒక్క మాటా చెవిన వేసుకోకుండా, కిటికీ పక్క దివాను మీద కూర్చుని ఐదు సూదులతో తెల్ల ఉన్ని టోపీ అల్లుకుంటోంది.

ఆ తెల్ల టోపీ ఇప్పటికిప్పుడు ఎవరి తలకూ పనికిరాదు. రెండు తలలు పట్టేంత వదులుగా ఉంటుంది. దాన్ని సబ్బు వేసిన వేడినీళ్లలో తొక్కించాలి. ముడుచుకుని బిగిశాక ముళ్లకాయతో గీకి, ఎర్ర రంగులో ముంచి, అచ్చుకెక్కించాలి. అప్పుడది షాషియా అయి, ట్యూనిస్ పాత ఊళ్లో సీ హమ్మాదీ కొట్టు బీరువాలోకి చేరుతుంది.

ఆ రోజు మాత్రం సీ హమ్మాదీ సణుగుడు తొందరగానే ముగిసింది. కూతురు దోర్సాఫ్ భోజనాల బల్ల మీద కాగితాలు, పాచికలు పరిచింది. రెండేళ్లుగా ఆమె ఒక ఆట తయారుచేస్తోంది. జిన్నులు, మంత్రాల కత్తులు ఉన్న ఒక పాతకాలపు ఊరు. ఆడేవాళ్లు తలా ఒక మనిషిగా మారి, పాచికలు వేస్తూ కథ నడపాలి. ప్రతి మనిషికీ ఆ కాలపు వృత్తి ఒకటి ఉండాలి. దానికోసం దోర్సాఫ్ పాత కాగితాలన్నీ తిరగేసి నలభై వృత్తులు పోగుచేసింది. జలగలు తెచ్చేవాడు, తోలుసంచిలో నీళ్లు మోసేవాడు, స్నానశాల పొయ్యి రాజేసేవాడు, రంజాన్‌లో డప్పు కొట్టి జనాన్ని లేపేవాడు, ఇలా. సోమవారం ఆ ఆట పుస్తకం అచ్చుకు వెళ్లిపోతుంది. ఆఖరిసారి ఆడి చూద్దామని, బొమ్మలు గీసే స్నేహితురాలు హైఫా కూడా వచ్చింది.

"నాకు షాషియా ఉస్తాదే కావాలి. ఇంకోటిస్తే ఆడను," అన్నాడు సీ హమ్మాదీ, కుర్చీ ముందుకు లాక్కుంటూ.

"అది నీకోసమే రాశాలే నాన్నా."

"నా ప్రత్యేక శక్తి ఏం పెట్టావ్?"

"నువ్వు చెప్పిందే. వేసవైనా చలికాలమైనా టోపీ ఒక్కటే కొలతలో వస్తుంది."

"అద్గదీ! విన్నావా అమ్మాయ్?" అన్నాడు హైఫాతో. "సూకులో ఇంకొకడికి చేతనవుతుందేమో అడుగు. మా లిబియా షావుకారు కళ్లు మూసుకుని కొంటాడు."

హైఫా నీళ్లు మోసేవాడి కాగితం తీసుకుంది. ఆట మొదలైంది. కోట తలుపు దగ్గర ఒక జిన్ను కాపలా. మూడు రోజుల్లో దాని తలకు సరిపడే షాషియా తెస్తేనే దారి ఇస్తుంది.

"జిన్ను తల ఎంతుంటుందే?"

"మన గుమ్మడికాయంత."

"మా బావ తలకే చేశాను, దీనిదెంత!" అని నవ్వి, సీ హమ్మాదీ చేతులు రుద్దుకున్నాడు. "సరే. ముందు ఒక తెల్ల టోపీ తీసుకుంటా. తొక్కించడానికి పంపిస్తా."

"ఆగు నాన్నా. తెల్ల టోపీ ఎక్కడిది?"

"ఎక్కడిదేంటి?"

"మన ఆటలో నియమం అదే కదా. ఈ నలభైమందిలో ఎవరో ఒకరు చేసి ఇచ్చిందే నీ సంచిలో ఉండాలి. సబ్బు సబ్బువాడిస్తాడు. రంగు రంగులవాడిస్తాడు. తెల్ల టోపీ..." అంటూ దోర్సాఫ్ కాగితాలు తిప్పింది. మళ్లీ మొదటి నుంచి తిప్పింది. నలభై వృత్తుల్లో టోపీ అల్లే మనిషి లేదు. ఆమెకు తల తిప్పి దివాను వైపు చూసే ధైర్యం చాలలేదు.

సీ హమ్మాదీకి ఇవేమీ పట్టలేదు. "ఇంటి నుంచి వచ్చిందని రాసెయ్."

"ఎవరింటి నుంచి?"

"అబ్బా, ఏం పట్టుకుని పీడిస్తావే! ఆడవాళ్లు ఇంట్లో కూచుని అల్లుతారు. అదో వృత్తా? అలాగైతే కుస్కుస్ వండేదాన్ని, గిన్నెలు తోమేదాన్ని కూడా రాసుకో. పోనీ, మిషనువాడి దగ్గర కొన్నానని రాయి. వచ్చే నెల నుంచి ఎలాగూ అంతేగా."

సూదుల చప్పుడు ఆగిపోయింది.

"ఏంటది, అంతేగా అంటున్నారు?" అంది మన్నూబియా.

సీ హమ్మాదీ నాలుక కరుచుకున్నాడు. కానీ మాట జారిపోయింది. ఇక చేసేది లేక, గోడకు తగిలించిన సంచిలోంచి ఒక తెల్ల టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. సముద్రం పక్క ఊళ్లో ఒకతను మిషను పెట్టాడట. చేతి అల్లికకు ఏమాత్రం తీసిపోదట. వచ్చే నెలకు ఒప్పందం కూడా అయిపోయిందట.

మన్నూబియా లేచి వచ్చి టోపీలో చెయ్యి పెట్టి సాగదీసి చూసింది. పైనుంచి కింద వరకు నిదానంగా తడిమింది.

"బాగుంది," అంది. "ఒక్క కుట్టు జారలేదు. ఇది ఎప్పుడు తెచ్చారు?"

"పది రోజులైంది."

"పది రోజులు! గోడకి వేలాడేసుకుని, రోజూ నా చేతి భోజనం చేశారు. నాకో మాట చెప్పాలని తోచలేదు?"

"నీకోసమే చేశానే. రోజూ తెల్లారగానే ఆ వేళ్లు వేడినీళ్లలో పెట్టుకుని కూచుంటావు. చూడలేకపోయాను."

"నేనడిగానా?"

"అన్నీ అడిగితేనే చెయ్యాలా?"

"నా పని మాన్పించేముందు అడగాలి!" అంది మన్నూబియా. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పైకి లేవడం దోర్సాఫ్ ఎప్పుడూ వినలేదు.

"అమ్మా, తప్పు నాది. ఇప్పుడే రాసేస్తాను..."

"నువ్వు మాట్లాడకు. రెండేళ్లు ఆ చీకిపోయిన కాగితాల్లో జలగలవాణ్ణి వెతికి పట్టుకున్నావు. ఎదురుగా కూర్చున్న అమ్మ కనపళ్లేదు. ఈ సూదుల చప్పుడు వింటూ నిద్రపోయిన పిల్లవే నువ్వు! ఆయనంటే మగాడు. నీకేమైంది?"

దోర్సాఫ్ తల వంచుకుంది. హైఫా పాచికలు గుప్పిట్లో పట్టుకుని, కనపడకుండా పోతే బాగుండునన్నట్టు కూర్చుంది.

మన్నూబియా భర్త వైపు తిరిగింది. "సరే, మిషను టోపీలే తెచ్చుకోండి. మరి వాడికి వేసవి లెక్క ఎవరు చెప్తారు?"

"వేసవి లెక్కేంటి?"

"ఎండాకాలం తొక్కేచోట నీళ్లు ఇంకా వేడెక్కుతాయి. ఉన్ని ఎక్కువ ముడుచుకుంటుంది. అందుకని నాలుగు కుట్లు ఎక్కువేస్తాను. చలికాలం మూడు తీసేస్తాను. లేకపోతే అన్ని కాలాల్లో ఒక్క కొలత ఎక్కడినుంచి వస్తుందనుకున్నారు? మీ ప్రత్యేక శక్తి!"

"అది నా అచ్చులో ఉంది. నా చేతిలో ఉంది," అన్నాడు సీ హమ్మాదీ, కానీ గొంతులో బలం లేదు.

"దోర్సాఫ్ కడుపులో ఉండగా పురిటికి నేను మా అమ్మ దగ్గరున్నాను. జూలై నెల. ఆ విడత బయట అల్లించారు. గుర్తుందా?"

ఆయనకు గుర్తుంది. ఆ వేసవి టోపీలన్నీ పిల్లకాయల తలలకు సరిపడేట్టు వచ్చాయి. తొక్కేవాడే సర్వనాశనం చేశాడని పదిమందిలో నానా మాటలూ అని, వాణ్ణి మార్చేశాడు.

"పాపం, వాడి తప్పేం లేదు," అంది మన్నూబియా.

"అప్పుడే నాకు చెప్పొచ్చుగా?"

"ఎలా అల్లుతావని ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి అడగలేదు మీరు. అడిగితే చెప్పనా?"

సీ హమ్మాదీ తన తల మీది షాషియా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. దాన్ని ఎవరు గీకారో, ఎవరు రంగులో ముంచారో పేర్లతో సహా చెప్పగలడు. ఎన్ని కుట్లతో మొదలైందంటే తెలియదు. ఇంత పెద్ద ఉస్తాదునని ఊరేగిన మనిషికి తన చేతిలో ఉన్నది సగం పనేనని అరవయ్యేళ్లు దాటాక తెలిసింది. ఆయనకు సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువగా, ఇన్నేళ్లు ఆమె పక్కనే ఉండి ఆమెను చూడలేదన్న బాధ గుండెను పిండేసింది. కళ్లు తుడుచుకోవడానికి రుమాలు దొరక్క టోపీతోనే తుడుచుకున్నాడు.

"ఒప్పందం వద్దని చెప్పేస్తాను," అన్నాడు.

"వద్దని ఎవరన్నారు? వేళ్లు నొప్పి పుడుతున్న మాట నిజమే. సగం మిషను మీద చేయించండి. లిబియా షావుకారువి మాత్రం నేనే అల్లుతాను. ఎవరెన్ని చెయ్యాలో, ఎలా చెయ్యాలో నేను చెప్తాను."

"అదేదో వాడికి నువ్వే చెప్పు," అంటూ ఆయన ఫోను తీశాడు.

సూకు పెద్దలు పరాయివాళ్ల ముందు భార్య పేరు పలకరు. "మా ఇంట్లో" అంటారు, మాట దాటేస్తారు. సీ హమ్మాదీ తండ్రి అలాగే అనేవాడు, తాత అలాగే అనేవాడు. అవతల మిషనువాడు పలకగానే సీ హమ్మాదీ ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

"నాయనా, కుట్ల సంగతి నాకు తెలియదు. మా ఇంట్లో..." అని ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు. "మన్నూబియాకి ఇస్తున్నాను. మన్నూబియా. నా భార్య. అల్లికలో ఆవిడ ఉస్తాదు. ఆవిడ చెప్పినట్టే చెయ్యి."

మన్నూబియా గౌను అంచుతో చెయ్యి తుడుచుకుని ఫోను అందుకుంది. నిదానంగా, "రాసుకో నాయనా," అంది.

అవతల మిషనువాడు రాసుకున్నాడు. ఇవతల దోర్సాఫ్, కళ్లలో నీళ్లతో అక్షరాలు అలుక్కుపోతున్నా, కొత్త కాగితం మీద రాసుకుంది. సీ హమ్మాదీ కూడా జేబులు తడుముకుని, హైఫా దగ్గర ఒక పెన్సిల్ అడిగి తీసుకున్నాడు.